వృత్తి జీవిత ప్రణాళిక – ఉద్యోగాన్వేషణకు సన్నద్ధత

చదువుకునే రోజుల నుంచి విశ్రాంతి జీవితం దాకా మనిషి నేర్చే విద్యలను, చేసే పనులను, మారే కొలువులను ఒకే వరుసలో పెట్టి చూసుకుని, వేయబోయే అడుగును ముందుగానే ఆలోచించుకోవడాన్ని వృత్తి జీవిత ప్రణాళిక అంటారు. ఉద్యోగాన్వేషణ దానిలో ఒక భాగం. ఖాళీ ఉందని తెలిశాక దరఖాస్తు పెట్టడం ఆ అన్వేషణలో చివరి అంకం. అంతకుముందు ఏళ్ల తరబడి సాగే సన్నద్ధతలోనే చాలావరకు ఫలితం తేలిపోతుంది.

‘ఉద్యోగం’ అన్న మాటకు పాత అర్థం ప్రయత్నం, పూనిక. భారతంలో అయిదోదైన ఉద్యోగపర్వానికి ఆ పేరు వచ్చింది ఆ అర్థంలోనే. జీతానికి చేసే పని అన్న అర్థం తర్వాత వచ్చి పాత అర్థాన్ని కమ్మేసింది. ‘కొలువు’ రాజుల సభ నుంచి వచ్చింది, ‘నౌకరీ’ పారశీకం నుంచి. ఇవన్నీ ఒకరి కింద చేరడాన్ని చెప్పే మాటలే. మన ఇళ్లలో ఉద్యోగం అనగానే ఎవరో ఇచ్చేది, దొరికేది అన్న భావన పాతుకుపోవడానికి ఈ అర్థ పరిణామం చక్కని గుర్తు. ఈ వ్యాసం ఎక్కువగా పాత అర్థంలోని ఉద్యోగం గురించి, అంటే పూనిక గురించి.

శాస్త్రంగా ఎదిగిన తీరు

కులవృత్తి, ఊరివృత్తి బలంగా ఉన్నంతకాలం ఏ పని చేయాలన్న ప్రశ్నకు పుట్టుకే జవాబు చెప్పేది. ఫ్యాక్టరీలు, పట్టణాలు పెరిగాక ఆ ప్రశ్న ప్రతి యువకుడి ముందుకూ వచ్చింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ 1908లో యువతకు సలహా ఇచ్చే ఒక కేంద్రాన్ని తెరిచాడు. ఆయన అదే ఏడాది చనిపోయాడు. వృత్తిని ఎంచుకోవడంపై ఆయన రాసిన పుస్తకం 1909లో వెలువడింది. నిన్ను నువ్వు తెలుసుకో, పనుల గురించి తెలుసుకో, రెండింటినీ సరిచూసి నిర్ణయించుకో అన్నది ఆయన చెప్పిన పద్ధతి. నేటి కెరీర్ కౌన్సెలింగ్ ఇంకా ఈ మూడు మెట్ల మీదే నిలబడి ఉంది.

ఒక్కసారి సరిచూసుకుంటే సరిపోదని చెప్పినవాడు డొనాల్డ్ సూపర్. ఎదుగుదల, అన్వేషణ, స్థిరపడటం, నిలుపుకోవడం, తప్పుకోవడం అనే దశలుగా వృత్తి జీవితాన్ని ఆయన 1950లలో వివరించాడు. మనిషి ఒకే కాలంలో కొడుకుగా, విద్యార్థిగా, ఉద్యోగిగా, తండ్రిగా అనేక పాత్రలు మోస్తాడని, ఒక పాత్ర బరువు పెరిగితే మరొకటి సర్దుకోవాలని 1980లో ఇంద్రధనుస్సు బొమ్మతో చూపాడు. జాన్ హాలండ్ మనుషుల అభిరుచులను, పనులను ఆరు రకాలుగా విభజించాడు. కళాశాలల్లో విద్యార్థులకు పెట్టే అభిరుచి పరీక్షలు చాలావరకు ఆ విభజన నుంచి పుట్టినవే.

ఉద్యోగం వెతికేవారికి అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది మార్క్ గ్రానొవెటర్ పరిశోధన. కొత్త ఉద్యోగం గురించి మనుషులకు ఎవరి ద్వారా తెలిసిందని ఆయన అడిగి చూశాడు. రోజూ కలిసే ఆప్తుల ద్వారా కంటే ఎప్పుడో ఒకసారి కలిసే పరిచయస్థుల ద్వారానే ఎక్కువమందికి తెలిసిందని 1973లో ప్రకటించాడు. కారణం తేలికైనదే: మన ఆప్తులకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. దూరపు పరిచయస్థుడు వేరే లోకంలో తిరుగుతాడు, అక్కడి కబురు మోసుకొస్తాడు. అనుకోని అవకాశాన్ని అందుకోవడానికి సిద్ధంగా ఉండటం కూడా ఒక నైపుణ్యమేనని జాన్ క్రంబోల్జ్, ఆయన సహచరులు 1999లో వాదించారు. వందకు వంద పాళ్లూ ముందే గీసుకున్న దారిన ఎవరి జీవితమూ నడవదని ఒప్పుకున్న సిద్ధాంతం అది.

తెలుగు నేల మీద

మన దేశంలో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో, సైన్యం నుంచి తిరిగొచ్చిన వారికి పనులు చూపడానికి మొదలయ్యాయి. వాటి రోజువారీ నిర్వహణ 1956 నవంబరు 1న రాష్ట్రాల చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కూడా ఆ రోజే. ఖాళీలను ఈ కార్యాలయాలకు తెలియజేయాలన్న చట్టం 1959లో వచ్చింది. డెబ్బై, ఎనభై దశకాల్లో డిగ్రీ చేతికి రాగానే చేసే మొదటి పని జిల్లా కేంద్రానికి వెళ్లి అక్కడ పేరు నమోదు చేసుకోవడం. మూడేళ్లకోసారి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ, సీనియారిటీ లెక్కపెట్టుకుంటూ, ‘కాల్ లెటర్’ కోసం పోస్టుమ్యాన్ దారి చూసిన తరం ఇప్పటికీ మన మధ్య ఉంది.

ఆ ఎదురుచూపుల కాలానికి తెరదించిన తీర్పు తెలుగు జిల్లా నుంచే పుట్టింది. కృష్ణా జిల్లాలోని ఎక్సైజ్ సూపరింటెండెంట్ కార్యాలయ నియామకాల వివాదంలో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. ఎక్స్ఛేంజీ పంపిన పేర్లతోనే సరిపెట్టకూడదని, పత్రికల్లో, రేడియో, టీవీల్లో ప్రకటించి అర్హులందరి దరఖాస్తులనూ పరిశీలించాలని ఆదేశించింది. వరుసలో నిలబడటం పోయి పోటీలో నిలబడటం వచ్చింది. కార్డు స్థానాన్ని ‘నోటిఫికేషన్’ ఆక్రమించింది.

నోటిఫికేషన్ చుట్టూ ఒక లోకమే వెలిసింది. హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, ఆ పక్కనే అశోక్‌నగర్ గదులు, టీచరు పోస్టుల శిక్షణకు అవనిగడ్డ, బ్యాంకు పరీక్షలకు నంద్యాల, సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట మైత్రీవనం. ఈనాడు ‘ప్రతిభ’, సాక్షి ‘భవిత’ పేజీలు కత్తిరించి ఫైలు చేసుకోని నిరుద్యోగి అరుదు. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షా 20 వేలకు పైగా పోస్టులు ప్రకటిస్తే 20 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇంజినీరింగ్ చదివినవారు ఎందరో ఆ కొలువుల్లో చేరారు.

ఈ దారిలో అనిశ్చితి ఎంతో తెలియడానికి తెలంగాణ తొలి గ్రూప్-1 కథ చాలు. 503 పోస్టులకు 2022లో ప్రకటన వచ్చింది. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగాయి. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దయ్యాయి. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చి, మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలైంది. అభ్యర్థి తప్పు ఏమీ లేకుండానే రెండేళ్లు కరిగిపోయాయి. ప్రభుత్వోద్యోగానికి చదివేవారు పక్కనే మరో ఆదరువు పెట్టుకోవాలని పెద్దలు చెప్పేది ఇందుకే. ఆ మాట అభ్యర్థి మీద అపనమ్మకంతో చెప్పేది కాదు, వ్యవస్థ గురించి తెలిసి చెప్పేది. ఎన్నేళ్లు, ఎన్ని ప్రయత్నాలు, ఎంత డబ్బు అన్న హద్దును చదువు మొదలుపెట్టిన రోజే కాగితం మీద రాసుకోవాలి. హద్దు లేని ప్రిపరేషన్ ఇంట్లో అందరినీ నలిపేస్తుంది.

మలుపులు

తెలుగు ఇళ్లలో వృత్తి నిర్ణయం దాదాపుగా పదో తరగతి ఫలితాల రోజున జరిగిపోతుంది. ఎంపీసీయా, బైపీసీయా అన్నదే ప్రశ్న. ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ తీసుకుంటామంటే మార్కులు తగ్గాయా అని అడుగుతారు. పాలిటెక్నిక్, ఐటీఐ, ఇంటర్ ఒకేషనల్ కోర్సుల పేర్లు చాలా ఇళ్లలో ఆ రోజు వినిపించను కూడా వినిపించవు. ఐటీఐ శిక్షణ 1950 నుంచి, అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉన్నాయి. ఫిట్టరో ఎలక్ట్రీషియనో పూర్తిచేసి, ఒక కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేసిన కుర్రవాడికి ఇరవై ఏళ్లకే చేతిలో పని ఉంటుంది. అతడు తర్వాత డిప్లొమాలో రెండో సంవత్సరంలోనూ, డిప్లొమా ఉన్నవారు ఈసెట్ రాసి ఇంజినీరింగులో రెండో సంవత్సరంలోనూ చేరే దారులున్నాయి. దారి మూసుకుపోతుందన్న భయం చాలావరకు తెలియకపోవడం వల్ల వచ్చేదే.

రెండో మలుపు మొదటి ఉద్యోగం. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ రావడమే గమ్యంగా నాలుగేళ్లు గడిపినవారికి చేరిన ఏడాదికే ఇప్పుడేం చేయాలన్న శూన్యం ఎదురవుతుంది. జీతం అంకె తప్ప ఏం నేర్చుకోబోతున్నామన్నది చూడకపోవడం దీనికి కారణం. మొదటి అయిదేళ్లలో నేర్చిన పనే తర్వాతి పదేళ్లకు పెట్టుబడి అవుతుంది.

మూడో మలుపు మన చేతిలో లేనిది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు సంస్థ లెక్కల్లో మోసం జరిగిందని లేఖ రాశారు. 50 వేలకు పైగా ఉద్యోగులున్న సంస్థ అది. ముందురోజు దాకా ఆ పేరు చెప్పుకుని పెళ్లి సంబంధాలు కుదుర్చుకున్నవారు, ఇంటి అప్పులు తీసుకున్నవారు ఒక్క ఉదయంతో రెజ్యూమెలు రాసుకోవాల్సి వచ్చింది. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను దక్కించుకుంది. కానీ ఆ మూడు నెలలు హైదరాబాదుకు నేర్పిన పాఠం మిగిలింది: సంస్థ వేరు, మన వృత్తి వేరు. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంచుకోవడం, రెజ్యూమెను ఏటా సరిచేసుకోవడం ఉద్యోగం బాగున్న రోజుల్లో చేయాల్సిన పనులు.

పని కూడా కాలంతో మారుతుంది. దీనికి మన అచ్చాఫీసులను మించిన ఉదాహరణ లేదు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి గళ్లలో పేర్చిన కంపోజిటర్లు ఒకనాడు పత్రికకు ప్రాణం. డీటీపీ వచ్చాక పేజ్‌మేకర్, అను ఫాంట్లు నేర్చుకున్నవారు నిలబడ్డారు. ఆ తర్వాత ఇన్‌డిజైన్, యూనికోడ్ వచ్చాయి. ప్రతి మార్పులోనూ మిగిలింది అక్షరం మీద పట్టు, తప్పు పట్టే కన్ను. మారింది పనిముట్టు. టైపు లోయర్, హయ్యర్ పాసైన వారి వేళ్ల వేగం కంప్యూటరు ముందూ పనికొచ్చింది. మీ పనిలో ఏది పనిముట్టు, ఏది నేర్పు అని విడదీసి చూసుకోగలిగితే కృత్రిమ మేధ గురించిన భయానికి కూడా ఒక కొలత దొరుకుతుంది.

‘ఉద్యోగం పురుష లక్షణం’ అన్న నానుడి చేసిన చెరుపు అంతా ఇంతా కాదు. ఆడపిల్ల ఉద్యోగ ప్రణాళికను పెళ్లి, కాన్పు, భర్త బదిలీ అన్నీ వచ్చి తుంచేస్తాయి. ప్రసూతి సెలవును 2017 సవరణ 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. అయినా పిల్లల కోసం మూడు, నాలుగేళ్లు మానేసినవారు ఎందరో. తిరిగి చేరాలనుకుంటే ఆ విరామాన్ని దాచనక్కర్లేదు. రెజ్యూమెలో ఒక్క వాక్యంలో చెప్పి, ఈమధ్య చేసిన కోర్సునో చిన్న పనినో దాని పక్కన పెడితే చాలు. వృత్తిపరమైన రిజిస్ట్రేషన్లు ఉన్నవారు, ముఖ్యంగా నర్సులు, ఫార్మసిస్టులు, విరామంలోనూ వాటిని రెన్యువల్ చేయించుకోవడం మరవకూడదు.

ఇక చివరి మలుపు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 1983లో 58 నుంచి 55కు తగ్గించారు, తర్వాత తిరిగి 58 చేశారు. 2014లో 60 అయింది, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పింఛను బదులు చందా పద్ధతి వర్తించింది. ఒకే కుర్చీలో ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషికి కూడా కాలం ఇన్నిసార్లు లెక్క మార్చింది. కాబట్టి విశ్రాంతి జీవితం లెక్కలు నలభై ఏళ్లకే మొదలుపెట్టాలి.

కాగితాలు

ఉద్యోగాన్వేషణలో ఎవరూ పెద్దగా రాయని, కానీ అందరినీ ఏడిపించే విషయం ఇది. సర్టిఫికెట్ల పరిశీలన జరిగే కార్యాలయం ముందు పొద్దున్నే నిలబడితే కనిపిస్తుంది: ప్లాస్టిక్ ఫైలు గుండెలకు హత్తుకున్న అభ్యర్థులు, పక్కన జెరాక్సు షాపు దగ్గర తోపులాట, లోపలి నుంచి కళ్లు తుడుచుకుంటూ వచ్చే ఒకరిద్దరు. ర్యాంకు వచ్చి కూడా ఒక కాగితం లేక వెనుదిరిగినవారు వారు.

అసలు చిక్కు చాలాసార్లు పేరుతోనే వస్తుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరంగా. పదో తరగతి మెమోలో ఆ అక్షరం ఒక్కటే ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో అదే చివరికి వెళుతుంది. పీఎఫ్ ఖాతాలో కంపెనీ గుమాస్తా ఎలా కొడితే అలా ఉంటుంది. ‘లక్ష్మి’కి ఇంగ్లిషులో ఒకచోట ఎక్స్ అక్షరం, మరోచోట కె, ఎస్ అక్షరాలు. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకున్న ఆడవారికి చదువు కాగితాలన్నీ పుట్టింటి పేరుతోనే ఉంటాయి. పెద్ద తరంలో పుట్టిన తేదీల సంగతి మరీ ఘోరం. బడిలో చేర్చిన రోజున పంతులుగారు అంచనాగా వేసిన తేదీయే జీవితాంతం అసలు తేదీ అయి కూర్చుంది. సర్వీసు రిజిస్టరులో ఎక్కాక దాన్ని మార్చుకోవడం దాదాపు అసాధ్యం.

ఈ గొడవకు మందు బడిలోనే ఉంది. పదో తరగతి పరీక్షలకు ముందు హెడ్మాస్టరు నామినల్ రోల్స్ పంపుతారు. విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం అందులో ఎలా పడితే మెమోలో అలాగే అచ్చవుతాయి. ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇంట్లో ఇద్దరు చదివి చూడాలి. ఆ అయిదు నిమిషాల పని తర్వాత అయిదేళ్ల తిరుగుళ్లు తప్పిస్తుంది.

స్థానికత మరో ముఖ్య విషయం. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులతో తెలుగు నేలపై ఎక్కడ చదివారన్నది ఉద్యోగానికి కీలకమైంది. తెలంగాణకు 2018లో వచ్చిన కొత్త ఉత్తర్వులు 1 నుంచి 7 తరగతుల చదువును చూస్తాయి. మూతపడిన ప్రైవేటు బడి నుంచి, అక్కడ చదివినట్టు బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఎంత కష్టమో పడినవారికే తెలుసు. బడి మారిన ప్రతిసారీ ఆ కాగితం వెంటనే తీసి దాచుకోవాలి. డిగ్రీ అయ్యాక ప్రొవిజనల్, సీఎంఎం (మార్కులన్నీ కలిపిన మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మూడూ తీసుకోవాలి. ఫీజు బాకీ పేరుతో ఒరిజినల్స్ అట్టిపెట్టుకునే కాలేజీలున్నాయి. అలా ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. ఉద్యోగం మారేటప్పుడు రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, చివరి మూడు నెలల పే స్లిప్పులు చేతికి వచ్చాకే గేటు దాటాలి.

రెజ్యూమె, ఇంటర్వ్యూ

పాత బయోడేటాలో తండ్రి పేరు, మతం, ఎత్తు, ‘పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అన్న వాక్యం ఉండేవి. నేటి రెజ్యూమెకు అవేవీ అక్కర్లేదు. ఏం చేయగలరో ఒకటి, రెండు పేజీల్లో కనిపించాలి. బట్టల షాపులో రెండేళ్లు లెక్కలు చూసిన బీకాం అమ్మాయి ‘అకౌంట్స్ అసిస్టెంట్‌గా పనిచేశాను’ అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. ‘రోజుకు సుమారు వంద బిల్లులు ట్యాలీలో ఎక్కించాను, నెలనెలా జీఎస్టీ రిటర్నుల లెక్కలు ఆడిటరుకు సిద్ధం చేసి ఇచ్చాను, పండగ సీజనులో సరుకు నిల్వ సరిచూశాను’ అని రాస్తే ఆమె కుర్చీలో కూర్చుని పని చేస్తున్నట్టే కనిపిస్తుంది. అనుభవం అదే, మాట మారింది. ప్రతి ఉద్యోగానికీ ఆ ప్రకటనలో అడిగిన పనులను బట్టి ఈ వాక్యాల వరుస మార్చుకోవాలి.

ఇంటర్వ్యూలో తెలుగు మీడియం పిల్లలను వెనక్కి లాగేది చాలాసార్లు జ్ఞానం లేకపోవడం కాదు, గొంతు పెగలకపోవడం. తాము చేసిన ఒక పనిని మొదట తెలుగులో, ఎదురుగా స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుని, మొదలు నుంచి చివరిదాకా చెప్పడం అలవాటు చేసుకోవాలి. వరుస కుదిరాక అదే ఇంగ్లిషులో చెప్పాలి. బట్టీపట్టిన పరిచయ వాక్యాల కంటే ఇది పదింతలు మేలు.

లేని అనుభవాన్ని పెట్టుకోవడం, వాడుకలో ‘ఫేక్ పెట్టడం’, ఒక దశలో మామూలు సంగతిగా చెలామణి అయింది. 2014 నుంచి ప్రతి పీఎఫ్ చందాదారుకూ యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని ఒకే నంబరు) వచ్చాక ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో ఇట్టే తెలిసిపోతోంది. చేరిన ఏడాదికి బయటపడి తీసేసినా ఆ మచ్చ తర్వాతి ఉద్యోగాల దాకా వెంటాడుతుంది. ఎవరు ఎంత నచ్చజెప్పినా ఆ దారి తొక్కకూడదు.

పరిచయాలు, మోసాలు

1997లో మొదలైన నౌకరీ డాట్ కామ్, 2003లో వచ్చిన లింక్డ్‌ఇన్, కేంద్రం 2015లో తెచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్ ఇప్పుడు ప్రధాన వేదికలు. వాటిలో పేరు ఉంచుకోవడం అవసరమే. అయినా గ్రానొవెటర్ మాట మరవకూడదు. సీనియర్లు, పాత మాస్టార్లు, ఒకప్పటి సహోద్యోగులు ఏడాదికి ఒకసారైనా మన క్షేమం అడిగేలా సంబంధం ఉంచుకోవాలి. అవసరం పడినప్పుడే ఫోను చేస్తే అవతలివారికీ ఇబ్బందే. ‘ఉద్యోగం ఇప్పించండి’ అనడం కంటే ‘మీ దగ్గర ఈ పనికి ఏం నేర్చుకోవాలి?’ అని అడిగితే జవాబు వస్తుంది.

డబ్బు కడితే బ్యాక్‌డోర్ ఉద్యోగం అనేవారంతా మోసగాళ్లే. ఇందులో మినహాయింపు లేదు. గల్ఫ్ వెళ్లేవారి సంగతి ఇంకా సున్నితం. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి దశాబ్దాలుగా సాగుతున్న వలస అది. ఏజెంటు ద్వారా వెళ్తే, 1983 నాటి వలస చట్టం ప్రకారం ఆ ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. ఆ ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు జీఎస్టీ కాక 30,000 రూపాయలు మించకూడదు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. విజిట్ వీసా మీద పనికి పంపుతామంటే ఒప్పుకోకూడదు. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతోంది.

ఇది చదివాక ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న పదో తరగతి మెమోలు, ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే నోటిఫికేషన్ దాకా ఆగకండి, సోమవారమే మీసేవకో ఆధార్ కేంద్రానికో వెళ్లండి.